స్పీకర్ దొరకలేదు

మా అక్కవాళ్ల ఇల్లు రైలుపెట్టెలా ఉంటుంది. వెడల్పు తక్కువ, పొడుగెక్కువ. వీధి వైపు ముందుగది, దాని వెనక వంటిల్లు, వంటింటి పక్క నుంచి పట్టపగలు కూడా లైటు వేసుకుని నడవాల్సిన సన్నటి నడవ, ఆ నడవ చివర వెనకగది. గోడలు పాతకాలంవి, మూరెడు మందం. ముందుగదిలో అక్క కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆ ఇంట్లో అడుగు పెడితే మొదట మిషను నూనె వాసన, తర్వాత పోపు వాసన, నడవ దాటాక మందుల వాసన.

మందులు బావవి.

బావ బస్టాండులో అనౌన్సరుగా చేసేవారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో మైకులో చెప్పే ఉద్యోగం. గొంతు గంట కొట్టినట్టు ఉండేది. ఇంట్లోనూ అదే ధోరణి. అన్నం వడ్డించడం ఆలస్యమైతే చేతిని మైకులా నోటి దగ్గర పెట్టుకుని, "మేడమ్ గారి పప్పు మరికొద్దిసేపట్లో ఒకటో నంబరు కంచం మీదకి వచ్చును" అనేవారు. అక్కని ఆయన పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. మేడమ్ గారూ అనే పిలుపు. వాగుడుకాయనని నాకు పిచ్చుక అని పేరు పెట్టింది కూడా ఆయనే.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. కాళ్లు, కుడిచెయ్యి చచ్చుబడ్డాయి. మాట పూర్తిగా పడిపోయింది. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. అదే ఎక్కువ బాధ. అన్నీ తెలుస్తుంటాయి, ఒక్క మాటా బయటికి రాదు. కనురెప్పలు ఒకసారి మూస్తే అవునని, రెండుసార్లు మూస్తే కాదని అర్థం. ఎడమచేతి చూపుడువేలు కాస్త కదిలేది.

ఆ వేలి కోసమే నేను ట్యాబ్ కొన్నాను. నేను కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేస్తాను. అందుకని అద్దం ఉన్న వస్తువేదైనా, టీవీ కానీ ఫోను కానీ, నా శాఖే అని మా అక్క నమ్మకం. ట్యాబ్‌లో బావ అక్షరాలు నొక్కితే వంటింటి అలమరలో ఉన్న స్పీకరు ఆ మాట పైకి చదివేది. దాని గొంతు ఎవరిదో మగ గొంతు, ప్రాణం లేని గొంతు. ఒత్తులన్నీ మింగేసేది. నొప్పి అని కొడితే "నొపి" అనేది. దిండు ఎత్తు, దోమ, నొపి... అంతే. ఒక్కో అక్షరం వెతుక్కుని నొక్కడానికే ఆయన ఒళ్లు చెమట పట్టేది. ఇక సరసాలు ఎక్కడినుంచి వస్తాయి? అక్క ఆ నొపి కోసమే చెవులు రిక్కించుకుని బతికింది.

మొదట్లో బావ మంచం ముందుగదిలోనే ఉండేది. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లంతా ఆయన్ని చూసి నాలుక చప్పరిస్తుంటే తట్టుకోలేక, "వెనకగది" అని కొట్టారు ఒకరోజు. మంచం వెనకగదికి మార్చాం. వైఫై డబ్బా ముందుగదిలో ఉంది. ఆ గోడలు దాటి సిగ్నలు రాలేదు. బావ మాట రెండోసారి పడిపోయింది.

ఆదివారం నా దగ్గరున్న పాత రౌటరు పట్టుకుని వెళ్లాను. పొద్దుటినుంచీ ముసురు. మధ్యాహ్నానికే దీపాలు పెట్టుకోవాల్సినంత చీకటి. ముందుగదిలోని డబ్బా నుంచి నడవ పొడుగునా వైరు లాగి, వెనకగదిలో ఈ రెండో డబ్బాకి తగిలించాను. దాని వైఫైకి వెనకగది అని పేరు పెట్టాను. ట్యాబ్ వెంటనే అందుకుంది. వార్తలు వచ్చాయి, వీడియోలు ఆడాయి. బావ ముఖంలో చిన్న వెలుగు. అక్షరాలు వెతుక్కుని నొక్కారు. తెర మీద ఒక వాక్యం వచ్చింది.

స్పీకర్ దొరకలేదు.

డబ్బా ఆపి వేశాను. స్పీకరు ఆపి వేశాను. పాస్‌వర్డు మళ్లీ కొట్టాను. స్పీకర్ దొరకలేదు. ట్యాబ్‌కి ప్రపంచమంతా కనబడుతోంది, పది అడుగుల అవతల వంటింట్లో ఉన్న స్పీకరు కనబడటం లేదు. చివరికి హెల్ప్‌లైనుకి ఫోన్ చేశాను. ఎవరో ఓపికైన అమ్మాయి.

"ఆ రెండో డబ్బా తన చుట్టూ తనే ప్రహరీ కట్టుకుందండీ. దాని మీద ఉన్నవి వీధిలోకి పోగలవు గానీ మీ ఇంట్లోకి రాలేవు. సెట్టింగుల్లో లోకల్ నెట్‌వర్క్‌కి అనుమతి అని ఉంటుంది. టిక్ పెట్టండి."

"పెడితే ట్యాబ్ ఒక్కటే వస్తుందా?"

"తలుపు తీశాక ఇక ఒకటేమిటి, రెండేమిటండీ? ఆ గదిలో ఉన్నవన్నీ వస్తాయి."

టిక్ పెట్టాను. సేవ్ నొక్కాను. డబ్బా తనంతట తను ఆరిపోయి మళ్లీ మొదలైంది. ఎర్రదీపం మినుకుమినుకుమంటోంది. అది పచ్చగా మారేదాకా ఆగాలి. ట్యాబ్ నా ఒళ్లోనే ఉంది. బావ కళ్లు మూసుకున్నారు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

అప్పుడు వంటింట్లోంచి వినిపించింది.

"దాహంగా ఉంది."

"వచ్చిందే! మాట వచ్చిందే పిచ్చుకా!" అక్క కేక పెట్టింది. గిన్నె కింద పడ్డ చప్పుడు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత డబ్బా వైపు చూశాను.

దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

ఇందాకెప్పుడో ఆయన కొట్టిన మాట మధ్యలో చిక్కుకుని ఇప్పుడు వెళ్లి ఉంటుందిలే అనుకున్నాను. అలా జరుగుతుంది కూడా.

అక్క నీళ్లు తెచ్చింది. బావకి మామూలు నీళ్లు పట్టకూడదు. మింగే శక్తి లేదు కాబట్టి ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరు మరీ మరీ చెప్పాడు. పొడి కలిపి, జావలా చిక్కగా చేసి, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి. అక్క అలాగే చేసి చెంచా నోటి దగ్గర పెట్టింది. బావ పెదాలు బిగించేశారు.

"అడిగి మరీ అలగడం ఏమిటండీ?" అక్క మురిపెంగా అంది.

బావ రెప్పలు రెండుసార్లు మూశారు. అక్క అప్పటికే చెంచా తీసుకుని వెళ్లిపోతోంది. ఆమె వంటింట్లోకి వెళ్లిందో లేదో...

"చెంచాతో వద్దు. గ్లాసుతో కావాలి."

ట్యాబ్ ఇంకా నా ఒళ్లోనే ఉంది. నేను ఏమీ నొక్కలేదు. తెర మీద బావ ఇందాక కొట్టిన వాక్యం అలాగే ఉంది, కింద ఎర్ర అక్షరాల్లో అదే మాట. స్పీకర్ దొరకలేదు. ఆయన కొట్టింది నీళ్ల గురించి కాదు. "పిచ్చుక లావైంది" అని కొట్టారు.

ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. వద్దు. గ్లాసు. స్పీకరు ఒత్తులు మింగలేదు. నున్నగా, తీరిగ్గా, పలకాల్సినట్టు పలికింది.

పక్కింటి పిల్లలెవరో మన వైఫైలో దూరి ఆట పట్టిస్తున్నారేమో అనుకున్నాను. పెట్టిన టిక్ తీసేశాను. పాస్‌వర్డు మార్చాను. దీపం ఎర్రబడి పచ్చబడింది. లేచి వంటింటి వైపు నడిచాను. నడవలో బల్బు వెలుగుతోంది గానీ ఆ వెలుగు గోడలకి అంటడం లేదు. తడి సున్నం వాసన వేస్తోంది. వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాను.

అక్క స్పీకరు ముందు నిలబడి ఉంది. చేతిలో గరిటె అలాగే ఉంది. దాని మీదినుంచి పులుసు బొట్లు బొట్లుగా కాళ్ల మీద పడుతోంది. కాలుతున్న స్పృహ కూడా లేదు.

"మేడమ్ గారూ," అంది స్పీకరు. "బాగా అలిసిపోయారా?"

అక్క నోటి మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చేసింది. పెళ్లినాటినుంచీ విన్న పిలుపు. మళ్లీ వింటానన్న ఆశ చంపుకున్న పిలుపు.

"లేదండీ..." అంది. "మీరు మాట్లాడండి. నాకు అలుపేమిటి?"

నేను వెనక్కి పరిగెత్తాను. బావ కళ్లు తెరిచి ఉన్నారు. వంటింట్లో మాట అక్కడిదాకా వినబడుతోంది. చెంపల మీద నీళ్లు కారిపోతున్నాయి.

"బావా... మీరేనా?"

రెప్పలు మూసుకున్నాయి. తెరుచుకున్నాయి. మళ్లీ మూసుకున్నాయి.

కాదు.

ట్యాబ్ ఆయన వేలి కింద పెట్టాను. ఆ వేలు అంతగా వణకడం ఎప్పుడూ చూడలేదు. తప్పు అక్షరం, మళ్లీ చెరపడం, మళ్లీ తప్పు. గోడ మీద గడియారం టక్ టక్‌మంటోంది. చివరికి రెండు మాటలు పడ్డాయి.

నేను కాదు.

చదివించమని నొక్కాను. స్పీకర్ దొరకలేదు. ఇంకోసారి నొక్కాను. స్పీకర్ దొరకలేదు.

ట్యాబ్ పట్టుకుని అక్క దగ్గరికి వెళ్లాను. "అక్కా, ఇది చదువు. బావ ఇప్పుడే కొట్టారు. ఆ మాట్లాడేది బావ కాదు."

అక్క కళ్లు తుడుచుకుని ట్యాబ్ వైపు చూసింది. ముఖంలో ఏదో అనుమానం కదిలింది. ఇంకొక్క క్షణం దొరికి ఉంటే చాలేది.

"పిచ్చుక ఆటలు పట్టిస్తోంది మేడమ్ గారూ," అంది స్పీకరు. "దాని మాట నమ్మకండి."

ఇంటికొచ్చిన చుట్టంలా, నవ్వుతున్నట్టు అంది. అక్క నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను.

"ఏమే, నీకు తమాషాగా ఉందా? చెయ్యి స్వాధీనంలో లేని మనిషి చేత ఏదో రాయించి తెస్తావా?"

"అక్కా, ట్యాబ్ నా చేతిలో ఉంది. చూడు, నా చేతిలోనే ఉంది. మరి మాట ఎవరు పంపుతున్నారు?"

"నీ యంత్రాల గొడవ నాకు తెలియదు. నా మొగుడి మాట నాకు తెలుసు."

"దాహంగా ఉంది మేడమ్ గారూ... నాలుక పిడచ కట్టుకుపోతోంది..."

వాదించి లాభం లేదనిపించింది. వెనకగదికి పోయి రెండో డబ్బా ప్లగ్గు పీకేశాను. వంటింట్లోంచి గొంతు ఆగలేదు. ఇప్పుడు మెల్లగా, గుసగుసగా ఏదో చెబుతోంది, అక్క ఊ కొడుతోంది. స్పీకరు దగ్గరికి వచ్చి దాని వైరు లాగబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని చెంప మీద కొట్టింది. చిన్నప్పుడు కూడా నన్ను కొట్టని అక్క. ఇక మిగిలింది ముందుగదిలోని పెద్ద డబ్బా. అది ఆగిపోతే ఇంట్లో వైఫై అన్నదే ఉండదు, స్పీకరు మూగబోక తప్పదు. అటు పరిగెత్తాను.

మిషను కింద దూరి, గుడ్డపేలికలు పక్కకి తోసి, వైర్లన్నీ ఒక్కసారిగా లాగేశాను. డబ్బా దీపాలన్నీ ఆరిపోయాయి. ఇల్లు నిశ్శబ్దం అయింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు దగ్గు వినిపించింది.

ఆ దగ్గులో గాలి లేదు. నీళ్లలోంచి వస్తున్న దగ్గు. నడవలో ఎలా పరిగెత్తానో తెలియదు. అక్క మంచం మీద కూర్చుని ఉంది. బావ తలని ఒక చేత్తో గుండెలకి ఆనించుకుని, రెండో చేత్తో గ్లాసు ఎత్తి పడుతోంది. ఆమె ముఖం వెలిగిపోతోంది. కళ్లలో నీళ్లు.

"తాగండి... తాగండి... మీరే కదా అడిగారు..."

బావ ముఖం నీలంగా మారింది. నోటి పక్కలనుంచి నీళ్లు కారుతున్నాయి. కళ్లు అక్క మీదే ఉన్నాయి. రెప్పలు రెండుసార్లు మూసి తెరుస్తున్నారు. మళ్లీ రెండుసార్లు. మళ్లీ రెండుసార్లు...

గ్లాసు లాగి విసిరేశాను. బావని పక్కకి తిప్పి వీపు మీద చరిచాను. అంబులెన్సుకి ఫోన్ చేశాను. అక్క ఖాళీ చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. స్ట్రెచరు నడవలోంచి వంటింటి పక్కగా వెళుతుంటే, లోపల చీకట్లో, ఏ వైఫై లేని ఆ స్పీకరు తృప్తిగా ఒక్క మాట అంది.

"ఇప్పుడు హాయిగా ఉంది."

స్ట్రెచరు మోస్తున్న ఇద్దరూ టీవీ అనుకున్నారేమో, తల తిప్పలేదు. అక్క మాత్రం అటు చూసి తల ఊపింది.

ఆసుపత్రిలో బావ కొన్నాళ్లు గుర్రుగుర్రుమంటూ గడిపారు. ఊపిరితిత్తుల్లో చీము పట్టిందన్నారు. అక్క దగ్గరికి వచ్చినప్పుడల్లా రెప్పలు రెండుసార్లు మూసేవారు. "చూశావా, నన్ను చూసి ఎలా పలకరిస్తున్నారో," అనేది అక్క నర్సులతో. ఒక ఉదయం ఆ రెప్పలు మూసుకుని మళ్లీ తెరుచుకోలేదు.

అక్క ఏడవలేదు. అందరూ దిగమింగుకుంటోంది అనుకున్నారు. నాకు తెలుసు, ఆమెకి ఏడవాల్సిన అవసరమే రాలేదు. ఇంటికి రాగానే వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకుంది. లోపల ఇద్దరు మాట్లాడుకుంటున్న సవ్వడి.

తర్వాత నేను చేయనిది లేదు. రెండు డబ్బాలూ తీసి పారేశాను. ఇంటర్నెట్ కనెక్షనే తీయించేశాను. పెద్ద డాక్టరుకి చూపించాను. మాత్రలు రాసిచ్చాడు, అక్క బుద్ధిగా మింగింది, ఏమీ మారలేదు. ఒకరోజు ఆమె స్నానానికి వెళ్లినప్పుడు స్పీకరు సంచిలో వేసుకుని నా గదికి తెచ్చేశాను. సుత్తితో ముక్కలు చేశాను. మనసు తేలికపడింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. కోపం లేదు. జాలిగా ఉంది గొంతు.

"దాన్నెందుకే అంత దూరం మోసుకెళ్లావు? ఆయనకి అది అక్కర్లేదు ఇప్పుడు."

"అక్కా..."

"ఉండు, నిన్నేదో అడుగుతున్నారు."

ఫోన్ పెట్టేశాను. ఆయన ఏమడిగారో ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

నెల తిరక్కుండా అక్క చిక్కి సగమైంది. అన్నం రెండు కంచాల్లో వడ్డించి, తనది ముట్టుకోకుండా లేచిపోతోందని తెలిసింది. ఆమెని నాతో తీసుకుపోదామని చివరిసారిగా వెళ్లాను. అందంగా జడ వేసుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని ఉంది. బతిమాలాను, తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను.

"ఆయన్ని ఒక్కణ్ణీ వదిలేసి ఎలా రానే?" అంది నా తల నిమురుతూ. "కుదురుగా మాట్లాడే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు చెప్పు?"

సంచి తీసుకుని బయల్దేరాను. గేటు దాకా సాగనంపడానికి అక్క కూడా వచ్చింది. ఎండ కాస్తోంది. వెనకవీధిలో ఉండే టీచరమ్మ కూరగాయల సంచితో అటే వస్తూ మమ్మల్ని చూసి ఆగింది. ఆవిడ బాల్కనీ మా అక్కవాళ్ల వెనకగది కిటికీకి ఎదురుగా ఉంటుంది. అక్కని పలకరించి, నన్ను కాస్త పక్కకి పిలిచింది.

"మీ అక్క ఒక్కతే ఉంటుందేమోనని బెంగపడ్డానమ్మా. బంధువులు వచ్చి ఉంటున్నారుగా, పోనీలే."

"బంధువులెవరూ లేరండీ."

"అదేమిటి? వెనకగది కిటికీ దగ్గర రోజూ చూస్తున్నాగా. ఒకాయన కుర్చీలో కూర్చుంటారు. అచ్చం మీ బావగారి పోలికే. వాళ్ల తమ్ముడా? నన్ను చూసి ఏదో చెప్పబోతారు పాపం." ఆవిడ గొంతు తగ్గించింది. "మరి ఆయన వెనకాల నిలబడి, ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టే మనిషి ఎవరమ్మా?"